మెత్తని కుంచె

మా యింట కళాశాలలో చదువుకొనుచున్న యువకుడొకడు కలడు. గడ్డము గీచుకొనుట నేర్చి మూడేండ్లయినది. గీచుకొన్న ప్రతి దినమును అతని దవడక్రిందను, మెడమీదను ఎఱ్ఱని పొక్కులు లేచును; రెండు దినములు మండును; మూడవ దినమున మరల గీచుకొనవలసి వచ్చును. కత్తులు మార్చెను, సబ్బులు మార్చెను, పటిక రాచెను. తుదకు స్నేహితుడెవడో చెప్పగా దోషము కుంచెయందున్నదని నిశ్చయించుకొనెను. బ్యాడ్జరు అను జంతువుయొక్క వెంట్రుకలతో చేసిన మెత్తని విలాయతి కుంచెను తెప్పించుకొన్నచో సున్నితమైన చర్మమునకు బాధ యుండదట. దాని వెలకై అతడు మా యొద్దకు వచ్చెను. వెల విని మేము ఉలికిపడితిమి. ఆ సొమ్ముతో ఒక బస్తా సన్నబియ్యము వచ్చును.

అయినను పిల్లవాని ప్రశ్న కాదనదగినది కాదు. ప్రతి దినమును మొగమునకు తగులు వస్తువు ఏది, ఎక్కడిది, ఎట్టిది అని అడుగుట మంచిదే. మేము సొమ్ము వెంటనే ఇయ్యక కొన్ని దినములు గడువు అడిగి, ఆ కుంచె పుట్టుపూర్వోత్తరములను వెదక నారంభించితిమి. వెదకిన కొలదిని, ఒక పిడికెడు వెంట్రుకలలో ఇంత కథ యిమిడియున్నదా యని మాకే ఆశ్చర్యము కలిగినది.

ఇంత స్వల్పవస్తువునకు చరిత్రమేల యని పాఠకులు నవ్వవచ్చును. వనపర్తివారమగు మాకు అట్టి నవ్వు తగదు. 1952 ఎన్నికలలో ఈ వనపర్తినుండియే హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన సురవరము ప్రతాపరెడ్డిగారు గద్వాల ప్రాంతమున పుట్టినవారు. వారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల దండయాత్రలను పక్కకు త్రోసి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏమి నమ్మిరి అను విషయములనే ముఖ్యముగా విచారించిరి. తిండికిని బట్టకును చరిత్ర యున్నప్పుడు గడ్డమునకు మాత్రము లేకుండునా?

మా తాతలనాటి క్షౌరమున కుంచె లేదు, సబ్బును లేదు. క్షౌరమనునది శిష్టుల మాట. మా పల్లెలలో సవరము అందురు. సవరము చేయువాడు వారమునకొకసారి పొది చంకను బెట్టుకొని యింటికి వచ్చును. వేపచెట్టు నీడను ఇరువురును ఎదురెదురుగా గొంతుక కూర్చుందురు. పొదిలో రెండు మూడు కత్తులు, కత్తెర, నూరుడురాయి, తోలుముక్క, అరచేతి వెడల్పు అద్దము, గోళ్లు తీయు ఉలి, ఇత్తడి గిన్నె యుండును. అంతే. గిన్నెలో నీళ్లు పోయించుకొని, వ్రేళ్లు ముంచి, గడ్డమును తడిపి అరచేతితోను బొటనవ్రేలితోను రుద్దును. మాటలు చెప్పుచు రుద్దును. ఊరి సంగతులన్నియు ముగియునప్పటికి గడ్డము నానియుండును. అప్పుడు కత్తి తీయును.

ఇది వట్టి ముచ్చట కాదు. ఎండిన గడ్డపు వెంట్రుక గట్టిది. నీటిలో రెండు మూడు నిమిషములు నానినచో అది ఉబ్బి మెత్తబడి, తక్కువ బలమునకే తెగును. నేటి చర్మవైద్యులు చెప్పు మొదటి సలహా యిదియే. ఆనాటి సవరమునందలి సుఖమంతయు ఆ నానుటలోనే యుండెను. అరచేయియే కుంచె. ఆ కుంచెకు వెంట్రుకలు లేకపోయినను తెలివి యుండెను. మొటిమ యున్నచోట తేలికగాను, మొండి వెంట్రుకలున్నచోట గట్టిగాను రుద్దుట దానికి తెలియును.

నురుగు మన దేశమునకు క్రొత్తది కాదు. వాత్స్యాయనుడు నాగరకుని దినచర్య చెప్పుచు, మూడవ దినమున ఫేనకమును, నాలుగవ దినమున క్షౌరమును విధించెను. ఫేనకమనగా నురుగునిచ్చు ద్రవ్యము. కుంకుడుకాయ నురుగు ఎరుగని తెలుగు ఇల్లు లేదు. కాని ఆ నురుగును మొగమునకు పట్టించుటకు మనవారు కుంచె కట్టలేదు. కుంచె యను మాట మాత్రము మనకు ప్రాచీనమే. చిత్రకారుని కుంచె యొకటి, నేతగాని కుంచె యొకటి. చేర్యాల పటములు వ్రాయువారు ఉడుత వెంట్రుకలతో సన్నని కుంచెలు కట్టుకొనిరి. అమరచింత, కొత్తకోట, గద్వాల నేతవాడలలో నూలు పడుగును వీధిపొడవున చాచి గంజి పట్టించి కుంచెతో దువ్వుట పూర్వము నిత్యము కనబడిన దృశ్యము. ఆ కుంచె మరీ మెత్తనైనచో గంజి పోగులలోనికి దిగదు. మరీ గట్టిదైనచో పోగులు తెగును. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు మనకు పనికివచ్చును.

సవరము చేయువాడు పన్నెండుగురు ఆయగాండ్రలో ఒకడు. పంట కోతలనాడు కళ్లమునకు పోయి మేర తెచ్చుకొనుటయే అతని జీతము. పెండ్లిలో సన్నాయి అతనిదే. ఆ యింటి స్త్రీలు పురుళ్లు పోసిరి. ఊరంతయు అతని చేతిమీదుగా లోకమునకు వచ్చి, అతని చేతిమీదుగానే పెండ్లిపీటలెక్కెను. అయినను అతడు పంక్తిలో కూర్చుండ తగడు. దొరలయొద్ద వెట్టిచాకిరి సరేసరి. పిలిచినపుడు పోవలెను, కూలి యడుగరాదు. 1921లో ఏర్పడిన ఆంధ్రజన సంఘము మొదలుకొని తెలంగాణపు ఉద్యమకారులు ఈ వెట్టిపై పోరాడవలసి వచ్చినది. దొరగారి గడ్డమునకు గోరువెచ్చని నీళ్లు, కూలివాని గడ్డమునకు తొట్టినీళ్లు అని మా పెద్దలు చెప్పగా వింటిమి. చర్మము ఇద్దరిదియు చర్మమే గదా!

దొరలకు మెత్తని చేయి ప్రియమగుటకు చరిత్రలో ఒక చక్కని నిదర్శనము కలదు. విజయనగరమును సదాశివరాయలు పేరునకు ఏలుచుండగా, అధికారమంతయు అళియ రామరాయల చేతిలో నుండెను. ఆ రామరాయలకు క్షౌరము చేసిన కొండోజు తన పనితనముచే ఆయనను మెప్పించెను. ఏమి కావలెనని అడిగినపుడు అతడు తన కొరకు మాన్యము అడుగలేదు. తన కులమువారిపైనున్న పన్నును తీసివేయుమని అడిగెను. ఆ పన్ను తొలగింపబడినట్లు 1540 తరువాతి శాసనములు తెలుగు కన్నడ దేశములందు పలుచోట్ల నిలిచియున్నవి. శాసనములలో సామాన్యముగా బ్రాహ్మణుల అగ్రహారములును దేవుళ్ల మాన్యములును కనబడును. ఒక క్షురకుని పేరు రాళ్లకెక్కుట అరుదు. ఆ చేతి మెత్తదనము వేలకొలది కుటుంబముల పన్ను మాన్పినది. ఏ విలాయతి కుంచెయు ఇట్టి పని చేసినట్లు మేము వినలేదు.

ఆ కత్తియే మఱియొక చోట ఎట్లు నడిచినదో చెప్పకున్నచో ఈ చరిత్ర సగమే యగును. భర్త పోయిన ద్విజస్త్రీల తలలు గొఱిగించు దురాచారము మన దేశమున శతాబ్దములు సాగినది. పదేండ్ల బాలిక యైనను విడిచినవారు కారు. ఆమె చర్మము సున్నితమా కాదా యని ఎవ్వరును అడుగలేదు. తడుపుటకు చెంబెడు చన్నీళ్లు, పిమ్మట కత్తి. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినపుడు ఎదిరించినది ఈ యాచారముల పుట్టనంతటిని. 1890 ప్రాంతమున బొంబాయి మంగళ్లు, లోఖండే మొదలగు సంస్కర్తల ప్రోత్సాహమున సభ చేసి, ఇకమీదట వితంతువుల తలలు గొఱుగమని తీర్మానించుకొనిరి. పండితులు శాస్త్రచర్చలు సాగించుచుండగా, కత్తి పట్టినవారు కత్తిని క్రింద బెట్టిరి. సున్నితమైన చర్మమును గూర్చి వ్రాయుచు ఆ బాలికల తలలను మరచుట మాకు చేతకాలేదు.

ఇక కుంచె పుట్టిన చోటికి పోదము.

ఐరోపాలోను మొదట చేయియే కుంచె. సబ్బు ఉండను నీటిలో ముంచి గడ్డముపై రుద్దుచుండిరి. పదునెనిమిదవ శతాబ్ది నడుమ ఫ్రాన్సు దేశమున వెంట్రుకల కుంచె వాడుకలోనికి వచ్చినది. ఆ కాలముననే క్షురకుని సాయము లేక తన గడ్డమును తానే గీచుకొను ఆచారమును వ్యాపించినది. పారిసులో కత్తులు చేయు జాన్ జాక్ పెరె అనునతడు తన గడ్డము తాను గీచుకొను విద్యను బోధించు గ్రంథమును 1769లో ప్రకటించెను. వడ్రంగి చిత్రికపట్టునట్లు, లోతుగా దిగకుండ కత్తికి కొయ్యతొడుగు అమర్చినవాడును ఇతడే. ఈ రెండును, కుంచెయు స్వయంక్షౌరమును, కవలలవంటివి. ఇతరుని చేయి తొలగినప్పుడు చేతికి బదులుగా మెత్తని పనిముట్టు కావలసి వచ్చినది. ఇంగ్లండులో కెంటు అను కుంచెల కార్ఖానా 1777లో నెలకొల్పబడినది.

ఆ కుంచెకు ఫ్రెంచివారు పెట్టిన పేరు ‘బ్లెరో’. అది ఆ జంతువు పేరే. నేటికిని ఫ్రెంచిభాషలో జంతువును కుంచెయు ఒకే మాటచే పిలువబడుచున్నవి. బ్యాడ్జరు పొట్టికాళ్లతో నేలలో బొరియలు త్రవ్వుకొని, పగలు నిద్రించి రాత్రి తిరుగు జంతువు. మొగముమీద నలుపు తెలుపు చారలుండును. ఐరోపా బ్యాడ్జరు మన దేశమున లేదు. దాని దూరపు చుట్టమొకటి మాత్రము మన అడవులలో తేనెపట్టులకై తిరుగును. బ్యాడ్జరు వెంట్రుక మొదట పాలిపోయి, నడుమ నల్లగా, తుదిని తెల్లగా నుండును. నడుమ లావుగా నుండి తుదకు పోవు కొలది సన్నబడును. లావైన నడుము కుంచెకు బలము నిచ్చును. సన్నని తుది చర్మమునకు హాయి నిచ్చును. కుంచెలో కట్టినపుడు వెంట్రుకల నడుమ నీరు పుష్కలముగా నిలుచును. పందివెంట్రుక యిట్లుకాదు. అది మొదటినుండి గట్టిది, క్రొత్తలో గుచ్చును. కొన్ని వారములు నానబెట్టి వాడినపిమ్మట తుదులు చీలి మెత్తబడును. మెత్తదనమున బ్యాడ్జరుకు పేరు వచ్చుట న్యాయమే. దానికి దంతపు పిడి యమర్చి ధనికులు బల్లమీద నుంచుకొనిరి.

ఈ ధనికుల వస్తువు సామాన్యుల చేతికి వచ్చిన విధము విచిత్రమైనది, దుఃఖకరమైనది. అమెరికాలో జిల్లెటు అను వర్తకుడు, మొద్దువారినంతనే పారవేయదగిన పలుచని బ్లేడుగల కత్తిని కనిపెట్టి 1903లో అమ్మకమునకు పెట్టెను. ఆ సంవత్సరమంతయు అమ్ముడుపోయినవి 51 కత్తులు, 168 బ్లేడులు. పదునైదేండ్లు గడువకముందే మహాయుద్ధము వచ్చినది. విషవాయువునుండి కాపాడు ముసుగు మొగమునకు అతుకుకొనవలెనన్న గడ్డముండరాదు. 1918లో అమెరికా ప్రభుత్వము తన సైనికుల కొరకు 35 లక్షల కత్తులు కొన్నది. కత్తితోపాటు ప్రతి సైనికునికిని కుంచెయు కావలెను. అన్ని లక్షల కుంచెలకు బ్యాడ్జరు వెంట్రుకలెక్కడివి? పైగా ఐరోపాలో శుద్ధిచేయబడి వచ్చు వెంట్రుకల వర్తకము యుద్ధమువలన తెగిపోయినది. అప్పుడు తూర్పుదేశములనుండి గుఱ్ఱపు వెంట్రుకలను చవుకగా తెప్పించి, రంగువేసి, నడుమ నల్లపట్టె దిద్ది, బ్యాడ్జరు కుంచెలవలె కనబడునట్లు చేసి పంచిరి.

ఆ కుంచెలతో గడ్డము గీచుకొన్న సైనికులలో కొందరికి దవడమీదను, మెడమీదను చిన్న పొక్కు లేచెను. మొదట దురద మాత్రమే, నొప్పి లేదు. పిమ్మట చుట్టును వాచి, నడుమ బొగ్గువలె నల్లని పెచ్చు కట్టెను. అది మన పల్లెలలో గొఱ్ఱెలను, పశువులను హఠాత్తుగా చంపు దొమ్మరోగము. ఆ రోగపు ఆంగ్లనామమగు ఆంత్రాక్సు గ్రీకుభాషలో బొగ్గునకు పేరు. దాని సూక్ష్మజీవి జీవితక్రమమును జర్మను వైద్యుడు కోఖు 1876లోనే వివరించియుండెను. పాశ్చరు 1881లో గొఱ్ఱెలకు టీకా వేసి చూపియుండెను. శాస్త్రమునకు తెలియని శత్రువు కాదు. కాని ఆ జీవియొక్క బీజములు ఎండలో, దుమ్ములో, వెంట్రుకలలో ఏండ్లకొలది చావక యుండును. రోగముతో చచ్చిన గుఱ్ఱపు వెంట్రుకతో కట్టిన కుంచె, ప్రతి ఉదయమును కత్తిగాటు పడిన చర్మముమీద ఆ బీజములను రుద్దినది. అమెరికా, ఇంగ్లండు రెండింటను కలిపి నూఱుమందికి పైగా ఈ కుంచెల మూలమున రోగగ్రస్తులైరి, కొందరు మరణించిరి. తుపాకిగుండు తప్పించుకొని గడ్డపు కుంచెకు దొరికిన ఆ యువకుల తల్లులకు ఏమని చెప్పియుందురో!

ఇంగ్లండులో 1919లో దొమ్మనివారణకు చట్టము చేసి, 1920లో జపానునుండి వచ్చు గడ్డపు కుంచెల దిగుమతిని నిషేధించిరి. దోషము జపానుదని మేము అనుకొనము. శుద్ధిచేయక అమ్మినవాడు ఎక్కడివాడైనను ఒక్కటే. అసలు దోషము నకిలీలోను, తొందరలోను ఉన్నది. ఆ 1919లోనే అమెరికాలో ఫ్రాంకు షీల్డ్సు అను రసాయనశాస్త్రజ్ఞుడు, మొండి గడ్డమును సుకుమారచర్మమును గల తనవంటివారి కొరకు, కుంచె అక్కరలేని లేపనమును తయారుచేసి బార్బసాలు అను పేర అమ్మెను. కుంచె పుట్టి నూటయేబదియేండ్లు గడచిన పిమ్మట మరల చేయియే కుంచె యయ్యెను.

మన ప్రాంతమునకు కుంచె యెన్నడు వచ్చినదో ముహూర్తము కట్టి చెప్పలేము. బ్రిటిషు దండు విడిసిన సికింద్రాబాదువంటి చోట్ల ముందుగా కనబడి, పిమ్మట ఉద్యోగుల యిండ్లకును, సంస్థానముల కొలువులకును ప్రాకుట సహజము. వనపర్తి సూగూరు దొరల సంస్థానమై యుండిన దినములలో కోటలోని బల్లమీద ఏ కుంచె యుండెనో గాని, మా చిన్నతనమున బజారు సెలూనులో ఉన్న కుంచెను మాత్రము మేము బాగుగా ఎరుగుదుము. రెండు కొయ్యకుర్చీలు, ఎదురెదురు అద్దములు, పటికబెడ్డ, మూలనొక గిన్నెలో తెల్లవెంట్రుకల కుంచె. శనివారము సంతనాడు ప్రొద్దుగ్రుంకువరకు అది ఆరియెరుగదు. ఒక గడ్డమునుండి లేచి మరొక గడ్డముమీద వాలును. ఒకనికి చీముపొక్కులుండును, ఒకనికి తామర యుండును. కుంచెకు పక్షపాతము లేదు. అందరిది అందరికి పంచిపెట్టును. గడ్డపు వెంట్రుకల కుదుళ్లలో చీము పట్టు రోగమునకు ఇంగ్లీషులో క్షురకుని పేరనే ‘బార్బర్స్ ఇచ్’ అని పేరు వచ్చుటలో వింత లేదు. కత్తివలన రక్తముద్వారా వ్యాపించు కామెర్లు మొదలగు వ్యాధుల భయము తెలిసినపిమ్మట, మనిషికొక బ్లేడు వాడు అలవాటు వచ్చినది. కుంచె విషయమున అట్టి జాగ్రత్త అన్నిచోట్ల నేటికిని రాలేదు.

ఇన్ని మొగములు తాకిన ఆ కుంచె కొందరి మొగము తాకుటకు మాత్రము ఒప్పుకొనకుండెడిది. హరిజనుల గడ్డము గీచినచో తక్కిన గిరాకి పోవునని పల్లెలలో దుకాణదారులు తలుపు మూసినారు. వెలివేయబడుదుమన్న భయము వారిది, అవమానము వీరిది. రోగము సోకునను భయము లేనివారికి కులము సోకునను భయము మాత్రము మెండు! 1955 చట్టము ఇట్టి నిరాకరణమును శిక్షార్హము గావించినది. నేడు నాయీబ్రాహ్మణులని గౌరవముగా పిలుచుకొను ఆ వృత్తివారికిని కాలము మారినది. వారి దుకాణములకు నెలకు 250 యూనిట్లవరకు విద్యుత్తు ఉచితముగా నిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిలు నుండి ఏర్పాటు చేసినది. మేర తెచ్చుకొన్న చేయి మీటరు చూచుకొను చేయి యైనది.

మతమును ఈ కుంచెలోనికి దూరినది. చవుక కుంచెలు సామాన్యముగా పందివెంట్రుకలతో చేసినవి. మహమ్మదీయులకు అవి నిషిద్ధములు. హైదరాబాదు రాజ్యమున రెండు మతములవారును ఒకే దుకాణములో గడ్డము గీయించుకొనిరి గదా. కుంచె దేనితో చేసినదో అడిగినవారెందరు? సబ్బులోని కొవ్వు సంగతియు ఇట్టిదే. గోద్రెజు వారు 1918 ప్రాంతమున వట్టి నూనెలతో సబ్బు చేసి అమ్మినపుడు, ఈ శంకగల ఇండ్లవారు ఊపిరి పీల్చుకొనిరి.

ఇంత చదివినపిమ్మట పిల్లవాని ప్రశ్నకు మేము చెప్పగలిగినదేమి?

మొదటిది, జంతువు పేరు చూచి మెత్తదనమును నమ్మరాదు. వెంట్రుక తుది సహజమైనదా, కత్తిరించినదా యని చూడవలెను. మంచి పనివారు సహజమైన తుదులను పైకుంచి గుండ్రని ఆకారము వచ్చునట్లు పేర్చి, అధికమైన పొడవును మొదటివైపున కోయుదురు. చవుకవారు కట్టి, పిమ్మట పైన కత్తెర వేసి గుండ్రముగా చేయుదురు. కోసిన తుది బ్యాడ్జరుదైనను ముల్లువలె గుచ్చును. అసలు, మేలు, అతిమేలు, వెండితుది అని పెట్టెలమీద వ్రాయు తరగతులకు అందరు ఒప్పిన కొలమానము లేదు. ఒక కార్ఖానావారి మేలు మరొకరి సామాన్యము. కావున కుంచెను నీటిలో ముంచి, విదిలించి, ముంజేతి లోపలివైపున ఒత్తి చూడవలెను. పొడిగా నున్నపుడు పట్టువలె నుండి తడిసినపుడు గుచ్చునవి కలవు. మరీ మెత్తనై ఒరిగిపోవునది కూడ పనికిరాదు. నేతగాని గంజికుంచె నిచ్చట జ్ఞాపకము చేసికొనవలెను. నురుగు వెంట్రుకల మొదటికి దిగకున్నచో చేయి గట్టిగా రుద్దును. అప్పుడు చర్మము కందును.

నకిలీ సంగతి మేము అనుభవమున నేర్చితిమి. కొన్నియేండ్ల క్రిందట పట్టణములో ఒక దుకాణమున బ్యాడ్జరు అని చెప్పగా ఒక కుంచె కొంటిమి. వేడినీటిలో ముంచిన నాలుగవ దినమున గిన్నెలో నీరు నల్లబడినది. నెలలోపల నల్లపట్టె అంతయు కడిగిపోయి, తెల్లని పందివెంట్రుకలు బయటపడినవి. దుకాణదారు నవ్వి, రంగు పోయినను వెంట్రుక గట్టిదేనని సమాధానము చెప్పెను. మహాయుద్ధపు నకిలీ కుంచెల కథ చదివినపుడు మాకు ఆ నల్లనీళ్లే గుర్తునకు వచ్చినవి.

రెండవది నీరు. బోరునీటిలో సున్నపుపాలు హెచ్చుగా నున్నచో సబ్బు నురుగుగా మారక తెల్లని మడ్డిగా విరిగిపోవును. ఆ మడ్డి చర్మమునకు అంటుకొని దురద పుట్టించును. నురుగు నిలువక కత్తి పొడిచర్మముమీద నడుచును. నింద మాత్రము కుంచెకు వచ్చును. వెలగల కుంచె కొనుటకు ముందు పట్టిన వాననీటితోనో, కృష్ణనుండి వచ్చు కుళాయినీటితోనో వారముదినములు గీచుకొని చూచుట మేలు. ఖర్చు లేని పరీక్ష.

మూడవది, ఆ మెత్తదనమునకు చెల్లు వెల. నేడు కుంచెలకు వచ్చు బ్యాడ్జరు వెంట్రుకలలో అధికభాగము చైనానుండి వచ్చునది. వెంట్రుకలు గొఱ్ఱె ఉన్నివలె కత్తిరించి తెచ్చునవి కావు. జంతువును చంపి తెచ్చునవి. ఇంగ్లండులో ఆ జంతువును కాపాడుటకు 1992లో చట్టము కలదు. అచ్చటి స్నానపుగదులలో దాని కుంచె మాత్రము నిలిచియున్నది. మనకును అతిశయింప పనిలేదు. చిత్రకారుల కుంచెలకై మన దేశమున ముంగిసలను చంపి వెంట్రుకలు దొంగచాటుగా అమ్మువారు, వన్యప్రాణిరక్షణకు 1972లో చట్టము వచ్చిన పిమ్మటను పట్టుబడుచునే యున్నారు. జంతువు అక్కరలేని మార్గము నేడున్నది. 1938లో నైలాను పోగులు మొదట దంతపు కుంచెలలోనికి వచ్చినపుడు అవి మిక్కిలి గట్టివి. ఇటీవల తుదులు సన్నగా సాగదీసిన కృత్రిమపు పోగులతో చేయు కుంచెలు బ్యాడ్జరునకు తీసిపోవు. అవి నీటిని పీల్చుకొనవు, త్వరగా ఆరును. ఆరినచోట బూజు పెరుగదు. పొక్కులు లేచు చర్మమునకు త్వరగా ఆరు కుంచె మేలని మా తలంపు. దానిని వాడినపిమ్మట కడిగి, విదిలించి, గాలి తగులునట్లుంచవలెను. తడిగా డబ్బాలో మూయరాదు. ఒకరి కుంచె మరొకరు, తండ్రి కొడుకులైనను, వాడరాదు. మొగముమీద గిరగిర త్రిప్పుటకంటె నురుగును గిన్నెలో చేసికొని మెల్లగా పూతపూయుట సున్నితచర్మమునకు హితము.

ఇవన్నియు చెప్పి, బస్తాబియ్యపు వెలలో పదవవంతు సొమ్ముతో కృత్రిమపు కుంచె యొకటి తెప్పించితిమి. పిల్లవానికి కొంత నిరాశ కలిగినను ఊరకుండెను. నీరు మార్చెను. పొక్కులు సగము తగ్గినవి, సగము నిలిచినవి. మెడమీదివి మాత్రము కదలలేదు.

అప్పుడు మా వీధి చివర చిన్న దుకాణము పెట్టుకొన్న వృద్ధ నాయీబ్రాహ్మణుని యొద్దకు అతనిని తీసికొనిపోతిమి. ఆయన కుంచె అడుగలేదు, సబ్బు పేరు అడుగలేదు. పిల్లవాని గడ్డమును వెలుతురువైపు త్రిప్పి, మెడక్రింద బొటనవ్రేలితో నాలుగువైపుల నిమిరి చూచెను.

“గడ్డం కింద ఎంటికలు అడ్డం మొలిచినయి బిడ్డా, నువ్వేమో కిందికెల్లి పైకి ఎదురు గీకుతున్నవు. తెగిన ఎంటిక వంగి మళ్ల తోలులకే పోతున్నది, గందుకే పొక్కులు,” అనెను.

వంకర వెంట్రుక చర్మములోనికి మరల దిగి పొక్కు కట్టుటను వైద్యులు గ్రంథములలో వర్ణించినారు. ఆయన అది చదివి చెప్పలేదు. పిమ్మట గోరువెచ్చని నీటిలో వ్రేళ్లు ముంచి, మాతో వానలను గూర్చియు, పల్లికాయ ధరను గూర్చియు మాటలాడుచు, పిల్లవాని మెడను చాలసేపు తడిపి రుద్దెను. ఏ వైపునకు గీయవలెనో వ్రేలితో గీతలు గీచి చూపెను. చూపినందుకు పైకము పుచ్చుకొనననెను. మేము బలవంతము చేయగా, ఎప్పుడైన కటింగుకు పంపుడని మాత్రము చెప్పెను.